ఎడమ జేబులోని కన్వర్టర్

జనగామలో మా ఇంటికి నెలకు ఒక్కడైనా వస్తాడు, మెడలో కొత్త కెమెరా వేసుకుని. కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే అడుగుతాడు.

"సోమన్నా, ఎయిర్ షోకు ఏ లెన్స్ కొనాలె?"

"నీ దగ్గర ఉన్న లెన్స్‌తోని ఇప్పటిదాకా ఏం తీసినవ్?" అంటాను నేను.

అతను తల గోక్కుని, ఫోన్ తీసి బావమరిది పెళ్లి ఫొటోలు చూపిస్తాడు. అందులో పెళ్లికొడుకు చెవి మీద తప్ప ఎక్కడా ఫోకస్ ఉండదు. పీట మీద కదలకుండా కూర్చున్న పెళ్లికొడుకు దొరకలేదు గానీ, రెప్పపాటులో రన్‌వే దాటిపోయే విమానం దొరుకుతుందని నమ్మకం. ఆ నమ్మకం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఒకప్పుడు నాకూ ఉండేది.

ముప్పై ఏళ్లకు పైగా ఒక దినపత్రికలో ఫొటోగ్రాఫర్‌గా పనిచేశాను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నా ఏరియా. మిర్చి రైతుల ధర్నా, పంచాయతీ ఎన్నికలు, చెరువు గండి, బస్సు బోల్తా... ఇవే నా రోజులు. విమానాలు తీయడం నా పని కాదు, అది నాకు పట్టిన పిచ్చి. వచ్చినవాళ్లందరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి ఒకేసారి రాసి పెడుతున్నాను. లెన్సుల సంగతి చెబుతాను, దాంతోపాటు నేను చేసిన ఒక తప్పు సంగతీ చెబుతాను. రెండోది వదిలేస్తే మొదటిది సగమే చెప్పినట్టు అవుతుంది.

రెక్కలు ఆగిన హెలికాప్టర్

గాల్లో ఎగిరేదాన్ని నేను మొదటిసారి తీసింది మహబూబాబాద్‌లో, ఒక పెద్ద నాయకుడి ఎన్నికల సభకు. హెలికాప్టర్ దిగుతుంటే జనం మీద దుమ్ము దుప్పటిలా పడింది. నేను ఒక గోడ ఎక్కి, ఊపిరి బిగబట్టి, షటర్ వేగం రెండు వేలకు పెట్టి తీశాను. అంటే సెకనులో రెండు వేలో వంతు. ఎంత వేగమైతే అంత మంచిదని అప్పటి నా జ్ఞానం. ఫొటో అద్దంలా వచ్చింది. మరకైనా లేదు, వణుకైనా లేదు. మీసం మెలేస్తూ హైదరాబాద్ ఆఫీసుకు పంపాను.

మా ఫొటో ఎడిటర్ మూర్తి గారు కృష్ణా జిల్లా మనిషి. ఆయన కోప్పడగా ఎవరూ చూడలేదు. ఆయన ఆయుధం వేళాకోళం. వెంటనే ఫోన్ చేశారు.

"ఏమయ్యా సోమయ్యా, నాయకుడు క్షేమమేనా?"

"క్షేమమే సార్. సభల మాట్లాడుతుండు."

"మరి ఫొటోలో రెక్కలు తిరగడం ఆగిపోయింది కదయ్యా! రెక్కలు ఆగిన హెలికాప్టర్ గాల్లో ఉందంటే రేపు హెడ్డింగు మార్చాలి నేను."

చూస్తే నిజమే. ఒక్కో రెక్కా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా, సీలింగ్ ఫ్యాన్ కరెంటు పోయి ఆగినట్టు ఉంది. మొత్తం బొమ్మ కొట్లో దారానికి వేలాడదీసిన ఆటవస్తువులా ఉంది. ఆ రోజు నేర్చుకున్నాను. రెక్కలు తిరిగేదైనా, ముందు ఫ్యాన్ ఉన్న విమానమైనా షటర్‌ను నూటపాతిక, రెండొందల యాభై మధ్యకు దించాలి. రెక్కలు గుండ్రంగా మసకబారాలి, ఒళ్లు మాత్రం నిలవాలి. జెట్ విమానానికి బయట తిరిగేది ఏమీ ఉండదు కాబట్టి వెయ్యి, పదహారు వందలు పెట్టుకోవచ్చు. కళ్లు చెదిరే స్పష్టత అన్ని చోట్లా గొప్ప కాదు. కొన్నిచోట్ల అది శవం స్పష్టత.

ఇంకో అలవాటు కూడా మా జిల్లా ఫొటోగ్రాఫర్లది చెప్పాలి. మాకు హెలికాప్టర్ అంటే తలుపు. తలుపు తెరుచుకుంటుంది, నాయకుడు చెయ్యి ఊపుతాడు, మేము తీస్తాం. హెలికాప్టర్ వైపు ఇరవై ఏళ్లు చూసినా దాని తోక ఏ రంగో చెప్పలేం. హైదరాబాద్‌లో మొదటిసారి ఎయిర్ షోకు వెళ్లినప్పుడు ఈ అలవాటే మా కొంప ముంచింది. జిల్లాల నుంచి వెళ్లిన మేం ఆరుగురం వేదిక వైపు తిరిగి, ముఖ్య అతిథి జెండా ఎప్పుడు ఊపుతాడా అని మోకాళ్ల మీద కూర్చున్నాం. ఆయన జెండా ఊపాడు, మేం తీశాం. విమానాలు మా వీపుల వెనక నుంచి వచ్చి, నెత్తిమీదుగా పోయి, పొగ వదిలేసి మాయమయ్యాయి. మేం తిరిగి చూసేసరికి పొగ మిగిలింది. ఆరు పత్రికల్లోనూ మరునాడు జెండా ఫొటోనే.

మా ఊళ్లో ఆగని రైళ్లు

నా సొంతూరు రఘునాథపల్లి. ఎక్స్‌ప్రెస్ రైళ్లు చాలావరకు మా స్టేషన్‌లో ఆగవు. ఊరివాళ్లకు అది బాధ. నాకు మాత్రం అదే బడి. విమానాన్ని తీయాలంటే దాని వేగంతో పాటు కెమెరాను నడుము దగ్గర నుంచి తిప్పాలి, బటన్ నొక్కాక కూడా తిప్పుతూనే ఉండాలి. ఇది పుస్తకంలో చదివితే రాదు. ప్లాట్‌ఫాం మీద వెనక్కి నిలబడి, దూసుకుపోయే రైలు ఇంజను మీద అంకెలు చదవగలిగేలా ఫొటో వచ్చేవరకు తీస్తూ పోయాను. తర్వాత డోర్నకల్‌కు వెళ్లి అక్కడి జంక్షన్‌లో కూడా సాధన చేశాను గానీ, జంక్షన్‌లో రైళ్లు మర్యాదగా నెమ్మదిస్తాయి, వాటితో లాభం లేదు.

రైళ్లు అయ్యాక కొంగలు. దున్నే ట్రాక్టర్ వెనక నడిచే తెల్లకొంగలు ఒక్కసారిగా లేస్తాయి చూడండి, ఆకాశంలో వాటిని వెతికి పట్టుకోవడం వస్తే విమానం లెక్కే కాదు. విమానం చెప్పిన దారిలో పోతుంది. కొంగ ఎవరి మాటా వినదు.

మా ఇంటామె విజయ ఆ రోజుల్లో అనేది: "రైళ్ల ఫొటోలు దీస్తవ్, కొంగల ఫొటోలు దీస్తవ్. గంత పొడుగు డబ్బాతోని నా ఫొటో ఒక్కటన్న దీసినవా?"

"నువ్వు జర ఉరుకు, తీస్త" అన్నాను. రెండు రోజులు నాకు చాయ్ లేదు.

పొడుగు మీద మోజు

ఇప్పుడు లెన్స్ సంగతి. దాన్ని ఎంత దూరం చూపిస్తుందో చెప్పే అంకెతో పిలుస్తాం. వంద, రెండొందలు, మూడొందలు, నాలుగొందలు. అంకె పెరిగిన కొద్దీ విమానం దగ్గరికి వస్తుంది, మీకు కనిపించే ఆకాశం చిన్నదవుతుంది. ఆరువందల లెన్స్‌లో చూస్తూ విమానాన్ని వెతకడం, గొట్టంలోంచి చూస్తూ జాతరలో తప్పిపోయిన పిల్లాణ్ని వెతకడం లాంటిది. వాడు అక్కడే ఉంటాడు, మీకు మాత్రం దొరకడు.

నాలుగైదు విమానాలు కలిసి వచ్చి, విడిపోయి, పొగతో బొమ్మలు గీసేటప్పుడు మీకు కావాల్సింది వంద, నూటయాభై మాత్రమే. ఒక్కటే వచ్చి పల్టీలు కొట్టేటప్పుడు మూడొందలు, నాలుగొందలు. అందుకే వందనుంచి నాలుగొందలదాకా జరిగే జూమ్ లెన్స్ ఒక్కటి ఉంటే, షోలో తొంభై పాళ్లు పని అయిపోతుంది. ఆరువందలు భుజాన వేసుకుని వచ్చినవాళ్లను నేను దూరం నుంచే గుర్తుపడతాను. మొదటి అరగంట వాళ్ల చుట్టూ జనం మూగుతారు, రెండో అరగంటలో వాళ్లు మెడ నొక్కుకుంటూ నీడ వెతుక్కుంటారు.

ఇక కన్వర్టర్. ఇది కెమెరాకూ లెన్స్‌కూ మధ్య బిగించే చిన్న డబ్బా. వన్ పాయింట్ ఫోర్ అని ఒకటి ఉంది, మూడొందల్ని నాలుగొందల ఇరవై చేస్తుంది, వచ్చే వెలుతురులో సగం మింగుతుంది. టూఎక్స్ అని ఇంకొకటి, మూడొందల్ని ఆరువందలు చేస్తుంది, వెలుతురులో నాలుగింట మూడు వంతులు మింగుతుంది. వెలుతురు తగ్గితే చిన్న కెమెరాలకు చూపు ఆనదు. ఫోకస్ దొరక్క లెన్స్ ముందుకూ వెనక్కూ కొట్టుకుంటూ ఉంటుంది, విమానం ఆగదు కదా, వెళ్లిపోతుంది. ఇప్పటి కొత్త కెమెరాలు ఈ విషయంలో చాలా మెరుగు. కానీ ఎండ ఎక్కాక రన్‌వే మీద గాలి నీళ్లలా కదులుతుంది, దాన్ని బాగుచేసే కెమెరా ఇంకా రాలేదు. అంత దూరం నుంచి లాగితే విమానం వేడి పెనం మీద ఉన్నట్టు వణుకుతుంది.

కన్వర్టర్ లెన్స్‌లోని గుణాన్ని పెంచినట్టే దోషాన్నీ పెంచుతుంది. మంచి మూడొందలకు వన్ పాయింట్ ఫోర్ బిగిస్తే తెలిసిన ఇంటికి పిల్లనిచ్చినంత ధీమా. టూఎక్స్‌ను చందమామకు వాడండి, చెరువు గట్టు మీద నిద్రపోయే కొంగకు వాడండి. పరిగెత్తేదానికి వాడకండి. ముఖ్యంగా చిన్న కెమెరాకు వాడకండి. ఈ చివరి మాట నాకు బాగా తెలుసు. అక్కడే నా తప్పు మొదలైంది.

కన్ను ఉన్న అమ్మాయి

జిల్లాలు కొత్తగా విడిపోయిన రోజులు. భూపాలపల్లి నుంచి రజిత అనే అమ్మాయి మా పత్రికకు కంట్రిబ్యూటర్‌గా ఫొటోలు పంపేది. కంట్రిబ్యూటర్ అంటే పని ఉద్యోగిది, జీతం మాత్రం ఉద్యోగిది కాదు. వాళ్ల నాయిన బొగ్గుబాయిలో కార్మికుడు. ఆమె దగ్గర ఒక చిన్న కెమెరా, యాభై లెన్స్ ఒకటి, కెమెరాతో పాటు వచ్చిన మామూలు లెన్స్ ఒకటి. అంతే.

మొదట్లో ఆమెకు నేనే నేర్పాను. ఫోన్‌లో గంటలు గంటలు ప్రశ్నలు అడిగేది. "అన్నా, ఎండ ఎదురుంగ ఉంటే ఎట్ల తియ్యాలె? అన్నా, మొఖం నల్లగొస్తుంది, ఏం చెయ్యాలె?" నాకు బాగానే ఉండేది. అడిగేవాళ్లు ఉంటే గురువుకు ఒంట్లో కొవ్వు పెరుగుతుంది.

ఒకరోజు ఆమె ఒక ఫొటో పంపింది. షిఫ్టు దిగి బాయి నుంచి పైకొచ్చిన కార్మికులు, బయటి ఎండ తగిలి అందరూ ఒకేసారి కళ్లు గట్టిగా మూసుకున్నారు. పదిహేను మొహాలు, పదిహేను రకాలుగా మూసుకున్న కళ్లు. యాభై లెన్స్‌తో, పదడుగుల దూరం నుంచి తీసింది. రాష్ట్రమంతా మొదటి పేజీలో వచ్చింది. ఆ రోజు మూర్తి గారు నాకు ఫోన్ చేశారు.

"సోమయ్యా, ఆ అమ్మాయి దగ్గర లెన్స్ లేదు, కన్ను ఉంది. నీ దగ్గర..."

అక్కడే ఆపి నవ్వారు. ఆయనకు అది రోజూ చేసే వేళాకోళం. నాకు మాత్రం ఆ ఆపిన మాట ముల్లులా గుచ్చుకుని, లోపలే ఉండిపోయింది. తర్వాతి నెలల్లో ఆమెవి ఇంకో మూడు మొదటి పేజీకి ఎక్కాయి. నావి లోపలి పేజీల్లో, ధర్నాల పక్కన ఉన్నాయి. నేను ఆమె ఫోన్లు ఎత్తడం కొంచెం ఆలస్యం చేయడం మొదలుపెట్టాను.

అంతలో హైదరాబాద్‌లో ఎయిర్ షో వచ్చింది. సిటీ ఫొటోగ్రాఫర్లు వేరే పనుల్లో ఉన్నారు. మూర్తి గారు నన్ను పిలిచారు. "నువ్వు రావయ్యా, నీకు ఈ పిచ్చి ఉందిగా. రజితను కూడా తీసుకురా. భూపాలపల్లికి స్టాఫ్ ఫొటోగ్రాఫర్ పోస్టు ఒకటి వచ్చింది. షోలో తను తీసినవి మేనేజ్‌మెంటుకు చూపిస్తాను, అమ్మాయికి ఇప్పిద్దాం."

ఆమెను వెంటబెట్టుకెళ్లడానికి నేను హన్మకొండ బస్టాండ్‌కు వెళ్తే, ఆమెను దింపడానికి వాళ్ల నాయిన వచ్చాడు. నన్ను పక్కకు పిలిచాడు.

"సోమన్నా, ఈ ఒక్కపాలి చూస్త. స్టాఫర్ అయితె సరే. లేకుంటె కెమెరా బందు వెట్టిచ్చి బీఈడీల చేర్పిస్త. పోరి ఎండలవడి తిరుగుతాంది, ఊరంత మాట్లాడుతాండ్రు."

"నేనున్న గద" అన్నాను నేను. ఆ మాట అన్నానని నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఎడమ జేబు

ఆఫీసు ఆ రోజుకు నాకు రెండు లెన్సులు ఇచ్చింది. వంద-నాలుగొందల జూమ్ ఒకటి, మూడొందలది ఒకటి. కన్వర్టర్లు రెండూ నా సొంతం. ఫొటోగ్రాఫర్లు వేసుకునే జేబుల కోటు ఒకటి ఉండేది నాకు. కుడి జేబులో వన్ పాయింట్ ఫోర్, ఎడమ జేబులో టూఎక్స్. ఒకదానితో ఒకటి కలగలిసిపోకుండా టూఎక్స్ మీద విజయ గోళ్ల రంగుతో ఎర్ర చుక్క పెట్టుకున్నాను.

జూమ్ నేను తీసుకుని, మూడొందలది రజితకు ఇచ్చాను. అంతవరకు న్యాయమే. ఆమె దాన్ని చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుంది.

"అన్నా, గిది సరిపోతదా? విమానాలు బాగ దూరం ఉంటయంట గద. ఏం చేస్తె మంచిగుంటది?"

జవాబు నా కుడి జేబులో ఉంది. మూడొందలకు వన్ పాయింట్ ఫోర్ బిగిస్తే ఆమె చిన్న కెమెరా కూడా చక్కగా పనిచేస్తుంది. నా చెయ్యి ఎడమ జేబులోకి పోయింది.

"గిది వెట్టుకో. ఆరువందలైతది. పైలట్ మీసాలు సుత కనవడ్తయి" అన్నాను.

"మరి నీకో?"

"నాకెందుకే, నేను సర్దుకుంట."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నువ్వు నా సొంతన్న లెక్కనే" అంది. నేను అక్కడితో ఆగలేదు. "ఒకపాలి బిగిస్తె మల్ల తియ్యకు. ఈడ ధూళి బాగున్నది, లోపలికి పోతె కెమెరా ఖరాబైతది" అని జాగ్రత్త కూడా చెప్పాను. మాట నిజమే. ధూళిలో కన్వర్టర్ తీయకూడదు. నిజమైన మాటతోనే ఆమె చేతులు కట్టేశాను.

విమానాలు వచ్చాయి. పది అడుగుల దూరంలో ఆమె అరిచింది.

"అన్నా, ఫోకస్ పడ్తలేదు!"

"జర ఓపిక వట్టు, పడ్తది!" అన్నాను, కంటి దగ్గర నుంచి కెమెరా తీయకుండానే.

పడలేదు. పడదని నాకు తెలుసు. ఆ రోజుల్లో అడిగితే "ఏదో తొందరలో ఇచ్చేశాను, ఆలోచించలేదు" అని చెప్పేవాణ్ని. కొన్నేళ్లపాటు నాకు నేనే అలా చెప్పుకున్నాను. కుడి ఎడమలు తెలియకుండా ఇచ్చానా? మరి ఆ ఎర్ర చుక్క ఎందుకు పెట్టుకున్నాను? ఆమెకు ఉద్యోగం రాకూడదని నేను కోరుకోలేదు. ఒక్కరోజు, ఆ ఒక్కరోజు మాత్రం ఆమె ఫొటో నా ఫొటోకంటే బాగా రాకూడదని కోరుకున్నాను. ఆమె ఉద్యోగం ఆ ఒక్కరోజు మీదే ఉందని తెలిసి కోరుకున్నాను.

మూర్తి గారి టేబుల్

సాయంత్రం ఆఫీసులో మూర్తి గారు ముందు నావి చూశారు. నాలుగు విమానాలు పొగ తోకలతో విచ్చుకున్న ఫొటో. "ఇదయ్యా, మొదటి పేజీ" అన్నారు. తర్వాత రజితవి. వందల ఫొటోలు. ఒకదాంట్లో రెక్క చివర, ఒకదాంట్లో మసక మచ్చ, మిగతావన్నీ ఖాళీ ఆకాశం. ఆయన ఒక్కొక్కటి జరుపుతూ జరుపుతూ ఆగారు.

"ఏంటమ్మా ఇది? ఆకాశాన్ని పట్టుకొచ్చి, విమానాలను అక్కడే వదిలేశావా?"

డెస్క్‌లో అందరూ నవ్వారు. ఆయన వేళాకోళాలకు నవ్వడం మాకు అలవాటు. నేనూ నవ్వాను. నవ్వకపోతే బాగుండదని రజిత కూడా నవ్వింది.

"ఏ లెన్స్ వాడావు?" అని అడిగారాయన.

ఆమె నా వైపు చూసింది. నేను కంప్యూటర్ తెర వైపు చూశాను.

"లెన్స్ మంచిదే సార్. నాకే చేతగాలే" అంది.

నోరు తెరవడానికి నాకు అప్పుడు ఒక్క క్షణం చాలు. "సార్, తప్పు నాది, టూఎక్స్ నేనే ఇచ్చిన" అంటే సరిపోయేది. మూర్తి గారు నన్నొక వారం ఆడుకునేవారు, అంతకుమించి ఏమీ జరిగేది కాదు. నేను అనలేదు. పోస్టు ఎవరికో పోయింది. రజిత బీఈడీలో చేరిందని విన్నాను. నా మొదటి పేజీ ఫొటోను విజయ ఫ్రేము కట్టిస్తానంటే వద్దన్నాను. "ఏంది, ఎప్పుడు లేంది గింత సిగ్గు?" అంది. ఆ టూఎక్స్ రజిత దగ్గరే ఉండిపోయింది, ఆమె తిరిగి పంపలేదు, నేను అడగలేదు. ఎవరైనా అడిగితే పోయిందని చెప్పేవాణ్ని.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు పెద్దవాళ్లు ఎన్నో జాగ్రత్తలు చెబుతారు. ఎండను వీపు మీద పెట్టుకో, బ్యాటరీలు రెండు పెట్టుకో, తెల్లటి ఆకాశం ముందు విమానం నల్లబడుతుంది కాబట్టి వెలుతురు ఒక మెట్టు పెంచుకో. అన్నీ వినండి. కానీ చెప్పేవాడు తను ఏ జేబులోంచి తీసి ఇస్తున్నాడో కూడా ఒక కంట చూడండి. నాలాంటివాళ్లు చెడ్డవాళ్లు కాదు. చాయ్ తాగిస్తాం, బస్సెక్కిస్తాం, నేర్పిస్తాం. మాకంటే కాస్త పైకి వెళ్తున్నారనిపించినప్పుడే మా చెయ్యి దారి తప్పుతుంది.

కంచె దగ్గర

నేను రిటైరయ్యాను. రజిత రెండేళ్లు ఒక బడిలో పాఠాలు చెప్పి, సెలవుల్లో ఫొటోలు తీస్తూ, మళ్లీ ఈ దారిలోకే వచ్చిందని ఒక పత్రికలో ఫొటో కింద పేరు చూసి తెలుసుకున్నాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఆ పత్రికకు స్టాఫ్ ఫొటోగ్రాఫర్. ఎవరి సిఫారసూ లేకుండా, ఎవరి లెన్సూ లేకుండా అయింది.

ఈమధ్య ఎయిర్ షోకు వెళ్లాను. పాత స్నేహం మీద ఒక పాస్ దొరికింది. నా చేతిలో నా పాత కెమెరా, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న మూడొందలు. వన్ పాయింట్ ఫోర్‌కు అల్మారాలో ఫంగస్ పట్టింది. కంచె దగ్గర నిలబడి ఉంటే వెనక నుంచి ఎవరో భుజం తట్టారు.

"సోమన్నా! గింత ఎండల టోపీ లేకుంట నిలవడ్డవేంది? వదినె తిట్టదా?"

రజిత. జుట్టులో నాలుగు తెల్ల వెంట్రుకలు. మెడలో పెద్ద కెమెరా, నాదాని మాదిరిగానే పాత రకానిది. వాళ్ల ఆఫీసు కూడా మా ఆఫీసు లాగే పిసినారిదని తెలిసి కాస్త ఊపిరి ఆడింది. ఆమె నా లెన్స్ వైపు చూసి నవ్వింది.

"ఒంటి మూడొందలు వట్టుకొని వచ్చినవా? ఇయ్యాల జర దూరం నుంచి పోతున్నయన్నా. ఆగు."

బ్యాగు జిప్పు తీసింది. లోపల ఒక మూలన, మెత్తటి గుడ్డ మీద, ఎర్ర చుక్క ఉన్న డబ్బా కనిపించింది. నా టూఎక్స్. చుక్క కాస్త వెలిసిపోయింది, అంతే. అదే తీసి నాకు ఇస్తుందనుకున్నాను. ఇస్తే తీసుకుందామని, అది బిగించుకుని ఆకాశమంతా వెతుక్కుందామని, నాకు తగిన శాస్తేనని మనసులో సిద్ధపడ్డాను.

"గది నాదే గద" అన్నాను.

"నీదే. పిలగాండ్లు నా దగ్గరికి లెన్సులకని వస్తరు గద, ఇచ్చేముందు దీన్ని ఒక్కపాలి చూస్త" అంది మామూలుగా.

దాన్ని అక్కడే ఉంచింది. తన కెమెరా నుంచి లెన్స్ విప్పి, మధ్యలో బిగించి ఉన్న వన్ పాయింట్ ఫోర్ తీసి నా చేతిలో పెట్టింది. లౌడ్‌స్పీకర్‌లో అప్పటికే మొదటి జట్టు బయలుదేరిందని చెబుతున్నారు.

"వద్దు, ధూళి ఉన్నది, ఇప్పుడు తియ్యకు. కెమెరా ఖరాబైతది" అన్నాను. ఈసారి నిజంగా ఆమె కోసమే అన్నాను.

"ధూళిదేముందన్నా, తుడుచుకుంటె పోతది" అంది, లెన్స్ మళ్లీ బిగించుకుంటూ.

ఇన్నేళ్లు గొంతులో పెట్టుకున్న మాట అప్పుడు బయటికొచ్చింది. "రజితా, ఆనాడు నీ కెమెరాకు అది పడదని నాకు ఎరుకుండె. ఎరుకుండే ఇచ్చిన."

ఆమె లెన్స్‌ను చివరి మలుపు తిప్పి బిగించింది.

"నాకు ఎరుకే అన్నా. సార్ టేబుల్ కాడ నువ్వు నా దిక్కు చూడలే గద, అప్పుడే ఎరుకైంది."

"మరి చెప్పకపోతివేంది?"

"ఎండల మొఖం నల్లగొస్తె ఏం చెయ్యాలెనో నేర్పింది గూడ నువ్వే గద" అంది. తర్వాత నా గడ్డం కింద వేలు పెట్టి చిన్నపిల్లాడికి చేసినట్టు తల పైకెత్తింది. "జర మీదికి చూడు. వస్తున్నయి."

నాలుగు విమానాలు వచ్చాయి. వాటి వేగంతో పాటు నడుము తిప్పాను, బటన్ నొక్కాక కూడా తిప్పాను, రఘునాథపల్లిలో నేర్చుకున్నది ఏదీ మరిచిపోలేదు. ఇంటికొచ్చి చూసుకుంటే ఒక్క ఫొటో కూడా షార్ప్‌గా రాలేదు. లెన్స్ మంచిదే. కన్వర్టర్ కూడా మంచిదే.